ఎప్పుడు ఆగుతోంది?

ఇంటికి కొత్త లాప్‌టాప్‌ వస్తే సగం పండగే. దేవుడి పటం ముందు కాసేపు ఉంచి, కుంకుమ బొట్టు పెట్టి, ఆ తర్వాతే మూత తీస్తారు. తీరా వారం తిరక్కుండానే తెర మూలనున్న వైఫై గుర్తు మాయమైపోతే? పక్కనే సెల్‌ఫోన్లో నెట్‌ నిక్షేపంలా వస్తుంటుంది. లాప్‌టాప్‌కి మాత్రం తనలో వైఫై ఉన్న సంగతే గుర్తుండదు!

వట్లూరులో ఓ ఇంట్లో ఇదే జరిగింది. ఏలూరుని ఆనుకుని ఉన్న ఈ ఊరికి 1989లో సర్‌ సి.ఆర్‌.రెడ్డి ఇంజినీరింగ్‌ కాలేజీ వచ్చింది. ఇక్కడ కంప్యూటర్లు కొత్తేం కాదు. ఆ ఇంటికి మాత్రం అదే మొదటి లాప్‌టాప్‌. తండ్రి కైకలూరు వైపు రొయ్యల చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేస్తాడు. చీటీ పాడి మరీ కూతురికి కొనిచ్చాడు. ఆమెది బీటెక్‌ చివరి ఏడాది. నెలరోజుల్లో ఓ కంపెనీ ఆన్‌లైన్‌ పరీక్ష ఉంది. మధ్యలో నెట్‌ పోతే అంతే సంగతులు, రెండోసారి రాయనివ్వరు.

ఏలూరులో ఓ షాపుకి తీసుకెళితే ‘డ్రైవర్‌ పోయింది మేడమ్‌’ అని మళ్లీ ఎక్కించి ఇచ్చారు. రెండ్రోజులు బాగానే ఉంది. మళ్లీ మాయం. రెండోసారి మొత్తం విండోసే మార్చేశారు. మళ్లీ అదే కథ. మూడోసారి ‘కార్డు మార్చాలేమో’ అన్నారు.

ఇంతకీ డ్రైవరంటే ఏంటి? ఓ దుబాసీ. వైఫై కార్డు భాష విండోస్‌కి రాదు, విండోస్‌ భాష కార్డుకి తెలియదు. మధ్యలో ఉండి ఇద్దరికీ మాట కలిపే చిన్న ప్రోగ్రామే డ్రైవర్‌. 1995లో విండోస్‌ 95తో పాటు ‘ప్లగ్‌ అండ్‌ ప్లే’ వచ్చాక ఈ దుబాసీని కంప్యూటరే వెతుక్కోవడం మొదలైంది. సుఖం అక్కడే, చిక్కూ అక్కడే. అది వెతుక్కున్న దుబాసీ ఒక్కోసారి మన కార్డుకి సరిపడడు.

దిగాలుగా కూర్చున్న కూతుర్ని తండ్రి ఒకే మాట అడిగాడు. ‘ఎప్పుడు ఆగుతోందమ్మా?’

‘ఎప్పుడు పడితే అప్పుడే నాన్నా.’

‘అలా ఏదీ ఆగదు. మోటారు ఆగిందనగానే మోటారు మార్చేస్తామా? ఏ టైముకి ఆగింది, అంతకుముందు ఏం చేశారని అడుగుతాం. రాత్రిపూట ఏరియేటర్‌ ఆగితే తెల్లారేసరికి చెరువే పోతుంది. కాగితం మీద రాసి పెట్టు.’

రాసింది. పదిరోజుల్లో ఎనిమిదిసార్లు పోయింది. అందులో ఏడుసార్లు మూత వేసి తీసినప్పుడే! ఎనిమిదోది ఓ బుధవారం పొద్దున, అప్‌డేట్‌ పడి లాప్‌టాప్‌ తనంతట తాను రీస్టార్ట్‌ అయ్యాక. అంటే జబ్బు ఒకటి కాదు, రెండు.

మొదటిది పొదుపు జబ్బు. మూత వేయగానే బ్యాటరీ ఆదా కోసం విండోస్‌ వైఫై కార్డుని నిద్రపుచ్చుతోంది. తీశాక అది లేవడం లేదు. డ్రైవర్‌ మళ్లీ ఎక్కించినప్పుడల్లా ఈ పొదుపు కూడా మళ్లీ మొదలవుతోంది. డివైస్‌ మేనేజర్‌లో నెట్‌వర్క్‌ అడాప్టర్స్‌ కింద కార్డు పేరు మీద నొక్కి, ‘పవర్‌ మేనేజ్‌మెంట్‌’లో టిక్కు తీసేసింది. కొన్ని లాప్‌టాప్‌లలో ఈ ట్యాబ్‌ కనిపించదు కానీ ఆమె దాంట్లో ఉంది.

రెండోది అప్‌డేట్‌. మైక్రోసాఫ్ట్‌ నెలనెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది. అమెరికా మంగళవారం మనకి చేరేసరికి రాత్రో, బుధవారమో అవుతుంది. వాటితో పాటే కొత్త డ్రైవర్‌ వచ్చి కూర్చుంది. ‘రోల్‌ బ్యాక్‌’ నొక్కుదామంటే ఆ మీట పనిచేయలేదు. లాప్‌టాప్‌ కంపెనీ సైట్లో మోడల్‌ నంబరు కొట్టి అసలు డ్రైవర్‌ తెచ్చుకోవాలి. అందుకు నెట్‌ కావాలి... బావిలో నీళ్లు తోడాలంటే చేద కావాలి, ఆ చేద బావిలోనే ఉంది! దారి చూపించింది తండ్రి ఫోనే. కేబుల్‌తో కలిపి ‘యూఎస్‌బీ టెదరింగ్‌’ ఆన్‌ చేస్తే వైఫై లేకుండానే నెట్‌ వచ్చేసింది. డ్రైవర్‌ని దించుకుని, పెన్‌డ్రైవ్‌లోనూ ఓ కాపీ దాచుకుంది. పరీక్ష అయ్యేదాకా అప్‌డేట్లని ‘పాజ్‌’లో పెట్టింది. అలాగని వాటిని శాశ్వతంగా ఆపేయకూడదు, వైరస్‌ల నుంచి కాపాడేవీ వాటిలోనే వస్తాయి. అందుకే పరీక్ష మర్నాడే తీసేయాలని క్యాలెండర్‌ మీద రాసుకుంది.

పరీక్ష రోజు తండ్రి తన ఫోన్‌ని కేబుల్‌తో సహా ఆమె బల్ల మీద పెట్టి, ఉత్తచేతులతో చెరువులకి వెళ్లిపోయాడు. ఆ రోజు ఏ రైతు ఫోన్‌ చేసినా ఆయన దొరకలేదు. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అడిగాడు.

‘ఆగిందా?’

‘లేదు నాన్నా.’

పరీక్ష ఎలా రాశావన్నది కాళ్లు కడుక్కున్నాకే అడిగాడు.