నల్లరాళ్ల దీవి మారిషస్

మారిషస్ చెరకు తోటల్లో అక్కడక్కడ నల్లరాళ్ల కుప్పలు కనిపిస్తాయి. తెల్లని ఇసుక కోసం, నీలాల నీళ్ల కోసం వెళ్లే యాత్రికుల చూపు వాటి మీద నిలవదు. నాకు మాత్రం ఆ దేశం కథంతా ఆ కుప్పల్లోనే ఉందనిపిస్తుంది.

ఆ రాళ్లు అగ్నిపర్వతం కక్కినవి. సుమారు 80 లక్షల ఏళ్ల కిందట మడగాస్కర్‌కు తూర్పున, హిందూ మహాసముద్రం అడుగు నుంచి ఉబికిన లావా గడ్డకట్టి దీవి అయింది. ప్రధాన దీవి వైశాల్యం 1,865 చదరపు కిలోమీటర్లు, ఎత్తైన శిఖరం 828 మీటర్లు. ఇంత చిన్నచోటే అయినా, ఆగ్నేయపు గాలులు మోసుకొచ్చే వాన నడిమి మెట్టమీది క్యూర్‌పీప్ పట్టణాన్ని తడిపేస్తే, పడమటి తీరంలోని రాజధాని పోర్ట్ లూయిస్ ఎండకు మాడుతుంటుంది. చుట్టూ పగడాల దిబ్బలు పెద్ద అలలకు అడ్డుకట్ట.

ఇక్కడ ఆదివాసులంటూ ఎవరూ లేరు. 1598లో వచ్చిన డచ్చివాళ్లు తమ రాకుమారుడు మారిస్ పేరు పెట్టారు. జావా నుంచి చెరకు తెచ్చారు. వాళ్ల కాలంలోనే, వాళ్లు తెచ్చిన జంతువుల బారిన పడి, ఎగరలేని డోడో పక్షి అంతరించింది. 1710లో వాళ్లు వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివారు, 1810లో ఇంగ్లీషువారు వచ్చారు.

ఫ్రెంచివారు ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలను దింపారు. 1835లో బానిసత్వం రద్దయింది. తోటల యజమానులకు చేతులు కావాలి. రద్దు ఖాయమని తెలిసినప్పుడే పడింది మన దేశం మీద వాళ్ల చూపు. నెలకు అయిదు రూపాయల జీతానికి అయిదేళ్ల ఒప్పందం. 1834 నుంచి 1920 దాకా దాదాపు నాలుగున్నర లక్షల మంది దిగారు. పోర్ట్ లూయిస్ రేవులో వాళ్లు ఎక్కిన 16 రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడ ఎక్కారు కనుక అక్కడ తెలుగువాళ్లకు ‘కోరంగీలు’ అనే పేరు వచ్చింది. 1839 తుపాను దెబ్బ తిన్న ఆ రేవుకు మళ్లీ పాత వైభవం రాలేదు. పేరు మాత్రం సముద్రం దాటి బతికింది. ఈనాడు ఇళ్లలో వినిపించేది ఎక్కువగా క్రియోల్ భాషే. అయినా ఉగాదికి దేశమంతా సెలవు. అమ్మోరు పండుగ ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది, రామభజన ఉంది. 1947లోనే ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. భాష నాలుక మీద పలచబడ్డా పండుగలో పట్టు వదల్లేదు. అది తలుచుకుంటే గుండె నిండుతుంది.

1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చింది. బట్టల మిల్లులు, పర్యాటకం పెరిగి చెరకు ప్రాధాన్యం తగ్గింది. కోత యంత్రాలు తిరగాలంటే నేల చదునుగా ఉండాలి కనుక, చెరకు తోటల్లో చాలాచోట్ల ఆ నల్లరాళ్ల కుప్పలను తీసేస్తున్నారు. నాగలికి అడ్డొస్తుంటే ఒక్కొక్కటీ ఏరి, మోసి, పేర్చింది బానిసల చేతులు, కూలీల చేతులు. కొన్ని కుప్పలనైనా ఉన్నచోటే ఉండనివ్వాలి.