చెవి కింద ఉసిరికాయ

లాలాజల గ్రంథులనేవి మనకు ఉన్నాయని, వాటికి జబ్బు చేస్తేగాని తెలియదు. పెద్దవి 3 జతలు. చిన్నవి నోటినిండా వందలకొద్దీ. అన్నిటిలోకీ పెద్దది చెవికి ముందూ కిందా ఉంటుంది. గవదబిళ్ళలు వచ్చినప్పుడు ఉబ్బేది అదే.

నాకు అక్కడే ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు. "నొప్పి లేనిదానికి డాక్టరెందుకూ? పసుపూ సున్నమూ పట్టు వెయ్యి నాయనా" అన్నారు ఎదురింటి పిన్నిగారు. డాక్టరుగారు మాత్రం సూది గుచ్చి, పరీక్షకు పంపించారు. అక్కడ లేచే గడ్డల్లో నూటికి సుమారు 80 నిరపాయమైనవేనట. నాది తక్కిన వాటిలో చేరింది. మా నాయనమ్మ రాచపుండు అనేదే, అదన్నమాట.

వైద్యం ఏమిటని అడిగాను.

"మొదట ఆపరేషను. తరవాత అవసరాన్నిబట్టి రేడియేషను. మామూలు కాన్సరు మందులు దీనిమీద అంతగా పనిచేయవు. జబ్బు ఊపిరితిత్తులకు పాకితే, కణాల్లో కొన్ని గుర్తులు వెతికి, దొరికితే వాటికి తగిన మందు ఇస్తారు. 2018లో అమెరికాలో అనుమతి పొందిన లారోట్రెక్టినిబ్ అలాంటిదే" అన్నారు సర్జనుగారు.

అసలు చిక్కు ఆ తరవాత చెప్పారు. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యనుంచే పోతూ 5 కొమ్మలుగా చీలుతుంది. కన్ను మూయాలన్నా, నవ్వాలన్నా అదే దిక్కు. జబ్బు దాన్ని అంటకపోతే కాపాడతారు. అల్లుకుపోతే కోసివేసి, కాలినుంచి మరో నరం తెచ్చి అతుకుతారు. అతికినా పాత నవ్వు పూర్తిగా రాదు. ఏ సంగతీ కోసి చూస్తేగాని తేలదు. ఒప్పుదల మాత్రం ముందే ఇవ్వాలి.

కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూచున్నాను.

"ఇప్పుడు మాత్రం రోజూ నవ్వుతున్నారా ఏమిటి? సంతకం పెట్టండి" అని మా ఆవిడ అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

నరం దక్కింది. పెదవి మూల మూడు నెలలు వంకరగా ఉండి సర్దుకుంది. ఆరు వారాల రేడియేషనుకు ముందే పళ్ళు బాగుచేయించారు. లాలాజలం తగ్గితే పళ్ళు త్వరగా పుచ్చుతాయట. ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా మంచినీళ్ళ సీసా వెంట ఉండాలి. ఇంకో వింత: ఆవకాయ కలుపుకోగానే ఆ చెంప ఒక్కటే చెమరుస్తుంది. గ్రంథికి పోవలసిన సన్నని నరాలు దారి తప్పి చెమట గ్రంథులను పట్టుకున్నాయట!

ఈ జబ్బు ఏళ్ళు గడిచాక కూడా తిరిగి తలెత్తవచ్చు గనక పరీక్షలకు వెళుతూనే ఉన్నాను. చెవి ముందుగాని, దవడ కిందగాని లేచిన గడ్డ రెండు మూడు వారాలకు తగ్గకపోతే, నొప్పి లేదు గదా అని పసుపు పట్టు వేసుకుంటూ కూచోకండి. ఆపరేషను తప్పదన్నప్పుడు, "నరం సంగతేమిటి?" అని ముందే అడగండి.