ఒకటో నంబరు కంప్యూటర్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కవిత్వం నాకు రాదు. అందుకే మన ప్రింటర్ గురించి రాస్తున్నాను, నవ్వకండి.

2023లో నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. కింద ఆఫీసు పక్క గదిలో రెండు కంప్యూటర్లు, పైన రీడింగ్ హాల్లో రెండు. ప్రింటర్ మాత్రం ఒక్కటే, అదీ కింద ఒకటో నంబరు కంప్యూటర్‌కు తగిలించి ఉండేది. ఈ-పాస్ స్కాలర్‌షిప్ రెన్యువల్ రోజుల్లో పైన నింపిన అప్లికేషన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కిందికి పరుగెత్తి, ఒకటో నంబరు ముందున్నవాడు లేచేదాకా నిలబడాలి. ఒక పెన్‌డ్రైవ్ వైరస్ నాలుగింటికీ అంటుకునేది. అంతకంటే బాధ ఇంకొకటి. అందరి ఆదాయ ధ్రువీకరణ పత్రాలూ ఆ కంప్యూటర్ తెర మీదే పడి ఉండేవి. ఒకరోజు ఎవరో మా నాయిన సంవత్సరాదాయం పైకి చదివి నవ్వారు. చదివినవాడి నాయినదీ అంతే ఉంటుంది. అయినా ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నాలుగింటికీ నెట్ వైరు ఎలాగూ ఉంది. ప్రింటర్ ప్రాపర్టీస్‌లో షేరింగ్ అనే చోట టిక్ పెట్టి పేరు ఇస్తే సగం పని అయినట్టే. మిగతా సగానికి మూడు సాయంత్రాలు పట్టింది. నెట్‌వర్క్ 'పబ్లిక్' అని ఉంటే పక్క కంప్యూటర్లకు ప్రింటర్ అందదు, 'ప్రైవేట్' చేయాలి. మొదట ఐపీ నంబరుతో కలిపాను. మర్నాడు రూటర్ ఆ కంప్యూటర్‌కు వేరే నంబరు ఇచ్చింది, ప్రింట్ ఆగిపోయింది. కంప్యూటర్ పేరుతో కలిపాక నిలిచింది. పైనుంచి పంపిన మొదటి కాగితం కింద వచ్చిందని తెలిసి మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కణ్ణే. నాయిన బడికి పోలేదు, ఊళ్లో వాళ్ల పొలాలకు నీళ్లు కట్టేవాడు. ఒకే బోరు మీద నలుగురి మడులు పారినట్టు, ఎవరి వంతు వాళ్లకు వస్తుందని చెప్పాను. నాయిన కాసేపు ఆగి, "మరి స్టార్టర్ ఎవరి దగ్గరుంటది బిడ్డా? వాడు బంద్ చేసి పోతే?" అన్నాడు.

"అది వేరే నాయినా, నీకు తెల్వదు" అని నవ్వేశాను.

వారం తిరగలేదు. కాలేజీలో అప్లికేషన్లు ఇవ్వడానికి మర్నాడే ఆఖరి తేదీ. రాత్రి పదింటికి జూనియర్ తమ్ముడొకడు పైన ప్రింట్ నొక్కాడు. రాలేదు. మళ్లీ నొక్కాడు, మళ్లీ మళ్లీ నొక్కాడు. కింద అటెండర్ అన్న రోజూలాగే స్విచ్‌లన్నీ ఆపి, గదికి తాళం వేసి ఇంటికి పోయాడు. ఆయన తప్పేం లేదు. ఒకటో నంబరు నడుస్తుంటేనే మిగతావాటికి ప్రింట్ వస్తుందని నేను ఆయనకు ఒక్క మాటా చెప్పలేదు. తమ్ముడు ఏడుపు ముఖంతో నా గదికొచ్చాడు. ఆ రాత్రి ఇద్దరికీ నిద్ర లేదు.

పొద్దున్నే తాళం తీయించి కంప్యూటర్లు ఆన్ చేయగానే ఆగి ఉన్నవన్నీ కదిలాయి. ఒకే అప్లికేషన్, పన్నెండు కాపీలు! తలా పది రూపాయలు వేసుకుని కొన్న కాగితాలు అవి. ఒకటి పట్టుకుని తమ్ముడు కాలేజీకి పరుగెత్తాడు. మిగతా పదకొండింటి వెనకవైపు నేను లెక్కలు చేసుకున్నాను.

ఆ సాయంత్రం నాయినకు అంతా చెప్పాను. నేను అన్నాను కదా అనలేదాయన. "పిలగాని కాయితం అందిందా?" అని మాత్రం అడిగాడు.

అందింది నాయినా, అన్నాను.