కడ్డీ విప్పిన జీపు

అమెరికాలో, యూటా రాష్ట్రంలో, మోయబ్ అని చిన్న ఊరుంది. అక్కడి ఎర్రరాతి గుట్టలమీదికి జీపులెక్కించడం ఒక సరదా. “శుభ్రమైన రోడ్డుండగా రాళ్లమీదికెందుకండీ?” అని మా ఆవిడ ఏటా అడుగుతుంది. ఏటా నాకు జవాబు దొరకదు. అయినా వెడతాం.

జీపు ముందు భాగాన, కింద, అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. స్వే బార్ అంటారు. దాన్ని ఛాసీకి బిగించి, రెండు కొసల్నీ చెరో లింకుతో ఇరుసుకు తగిలిస్తారు. మలుపులో బండి ఒక పక్కకి ఒరగబోతే ఈ కడ్డీ మెలిపడి, ఆ ఒరుగుడును ఆపుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దదిక్కులాంటిదనుకోండి: ఒకరు లేస్తే రెండోవారినీ లేవమంటుంది. రోడ్డుమీద అదే మేలు. రాళ్లమీద మాత్రం ఒక చక్రం బండెక్కుతూంటే రెండోది గోతిలోకి దిగాలి. కడ్డీ దిగనివ్వదు. చక్రం గాలిలో వేలాడుతూ వృథాగా తిరుగుతుంది. అందుకని రాళ్ల దారి మొదట్లో దాన్ని విప్పేస్తారు.

రూబికాన్ రకం కొన్న భాగ్యవంతులకి ఈ యాతన లేదు. 2007 నుంచి వాటిలో మీట నొక్కితే చాలు; గంటకు 18 మైళ్లు దాటితే కడ్డీ తనంతట తానే మళ్లీ కలుస్తుంది. మాది మామూలు జీపు. పిన్నులు చేత్తో లాగాలి.

బండిని చదునుగా ఉన్నచోట ఆపాలి. ఇది ముఖ్యం. ఏటవాలులో కడ్డీ మెలిపడి ఉంటుంది. పిన్ను లాగగానే కొస ఎగిరి వేళ్లమీద పడుతుంది. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాలి. విప్పితే రెండు వైపులా విప్పాలి, ఒక వైపు కాదు. విప్పిన లింకుల్ని పైకెత్తి పట్టీతో గట్టిగా కట్టాలి. స్టీరింగు ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి, టైరుకీ బ్రేకు గొట్టానికీ ఏదీ తగలడంలేదని చూసుకోవాలి.

మొన్నటిసారి మా బావమరిది కూడా వచ్చాడు. పాయిజన్ స్పైడర్ దారిలో కొంతదూరం ఎక్కి దిగేసరికి పొద్దుగూకింది. కింద పొటాష్ రోడ్డు: ఒక పక్క నిటారు కొండ, రెండో పక్క కొలరాడో నది. ఎడమ పిన్ను పట్టింది. కుడి పిన్ను పట్టనంది.

“బావా, ఊరు పది మైళ్లే కదా! మెల్లిగా పోనియ్యి. హోటలు దగ్గర దీపాల వెలుతుర్లో తగిలిద్దాం,” అన్నాడు.

“పిల్లలు ఆకలికి సోలిపోతున్నారండీ,” అంది వాళ్లక్క.

“మెల్లిగానే పోతాను. ఎదురుగా ఏ జింకో దూకితే, స్టీరింగు మెల్లిగా తిప్పమంటావా?” అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. నలుగురి ముఖాలూ నామీద కోపంగా ఉన్నాయి. అందర్నీ దూరంగా నిలబెట్టి, బండిని నాలుగడుగులు చదునులోకి జరిపాను. మళ్లీ ఇంజను ఆపి, రాళ్లు పెట్టాను. బావమరిదిని బంపరుమీద కుడిపక్క బరువు మోపి మెల్లిగా ఊపమన్నాను. మూడో ఊపుకి రంధ్రం ఎదురొచ్చింది. పిన్ను దూరింది. రెండింటినీ లాగి చూసుకుని బయలుదేరాను.

మొదటి మలుపులో బావమరిది తలుపు గట్టిగా పట్టుకున్నాడు. బండి ఒరగలేదు.

“ఈ ఊళ్లో అన్నం దొరికే చోటు ఎక్కడైనా ఉందా, బావా?” అన్నాడు.