20 లక్షల దిర్హములు

నేటి ఉదయము జగిత్యాల బస్టాండులో కరీంనగరు బస్సుకై నిరీక్షించుచు ఫోను తెరచితిని గదా, దుబాయిలో 20 లక్షల దిర్హముల, అనగా మన లెక్కలో నాలుగున్నర కోట్లకు పైబడిన, ఫ్లాటు కొన్నవారికి పదేండ్ల గోల్డెన్ వీసా లభించునని ఒక ప్రకటన తళుక్కున మెరసినది.

ప్రక్కన కూర్చున్న పెద్దమనిషి, ఇరువదియారేండ్లు అక్కడనే షట్టరింగు పనిచేసి మొన్ననే తిరిగివచ్చినవాడు, తొంగిచూచి నవ్వెను.
"గసొంటి బిల్డింగులు మేం కట్టినయే సారూ. గని మేం ఉండుడు క్యాంపుల, రూముకు పదిమందిమి."

సంచిలోనుండి రబ్బరుబ్యాండు చుట్టిన మూడు పాస్‌పోర్టులు తీసి చూపెను. పుటపుటకును వీసాలే; రెండుమూడేండ్లకొకమారు యజమాని దయతో పొడిగింపబడిన జీవితము!

ఇండ్లధరలు సామాన్యునికి అందకున్నవని పోర్చుగల్ 2023లో, స్పెయిన్ 2025లో ఇల్లు కొన్నవారికి వీసానిచ్చు ఇట్టి వెసులుబాటును ఎత్తివేసినవి; దుబాయి మాత్రము పిలుచుచునే యున్నది. ఇల్లు కొన్నవానికి దక్కు నివాసహక్కు దానిని కట్టినవానికి ఏల దక్కదో యని నేను తర్కించుచుండగా ఆయన మెల్లగా అడిగెను:
"గంత పైస పెట్టినా పదేండ్లేనా సారూ? ఎప్పటికి ఉండనియ్యరా?"

నాకు జవాబు తోచలేదు.

మీ యిండ్లలో గల్ఫు పాస్‌పోర్టులున్నవా? ఎన్ని వీసాలున్నవో లెక్కించి చెప్పుదురా?