ముప్పయ్యొక్క పుల్లలు

శిరివెళ్ల మెట్ట దాటిన కాసేపటికి వెనక చక్రంలో టంగుమంది. రాయి ఎగిరిందనుకున్నాను. పది గజాలు పోయేసరికి చక్రం బ్రేకు కట్టెకు రాసుకుంటూ కూతపెట్టడం మొదలైంది. దిగి చూస్తే ఒక పుల్ల విరిగి వేలాడుతోంది. 32 పుల్లల్లో ఒకటి పోతే ఏమవుతుందిలే అనుకునేవాణ్ణి అంతవరకూ. మిగతా ఐదుగురూ అప్పటికే కనుచూపు దాటారు. గుంపుగా సైకిలు తొక్కడమంటే బయల్దేరేటప్పుడూ తినేటప్పుడూ గుంపు, మధ్యలో ఎవడి దారి వాడిది.

హైదరాబాదు నుంచి రైల్లో సైకిళ్లు వేసుకొచ్చి నంద్యాలలో దిగాం. మొదటి రోజు నల్లమల ఘాట్ రోడ్డు. గాజులపల్లె మీదుగా పచ్చర్ల వైపు ఎక్కాం, దిగాం, కోతులు మా అరటిపళ్లు తిన్నాయి. రెండో రోజు మహానంది కోనేట్లో కాళ్లు పెట్టుకు కూర్చున్నాం. అడుగున పడ్డ రూపాయి బిళ్ల బొమ్మో బొరుసో పైనుంచే చెప్పగలిగేంత తేట నీళ్లు. అంతకుమించి ఆ రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు.

మూడో రోజు పొద్దున నంద్యాలలో తిన్న ఉగ్గాని గురించి మాత్రం చెప్పాలి. తడిపి పిండిన బొరుగులు, పసుపు, పచ్చిమిరప, పైన పప్పుల పొడి, పక్కన మిరపకాయ బజ్జీ. మా జట్టులో ఇద్దరు గోదావరి వాళ్లు మొదట దాన్ని పలహారంగానే ఒప్పుకోలేదు. మూడో పొట్లం వాళ్లే చెప్పారు. సైకిలువాడికి అంతకన్నా మంచి తిండి లేదని నా అభిప్రాయం. ఇడ్లీ తిని ఎక్కితే రెండో మలుపులోనే గుర్తొస్తుంది, ఉగ్గాని ఎక్కడికి పోయిందో తెలియదు. బజ్జీ సంగతి వేరు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు దక్షిణంగా నలభై కిలోమీటర్లు. ఎడమ చేతివైపు నల్లమల గోడలా వెంట వస్తుంది, కుడివైపు నల్లరేగడి, ఆ వెనకెక్కడో కుందూ నది. మ్యాపులో చదునైన దారే. కానీ ఊళ్ల పేర్లు అబద్ధమాడవు. అయ్యలూరు మెట్ట, శిరివెళ్ల మెట్ట. మెట్ట అన్నచోటల్లా మోకాళ్లు ఔనన్నాయి.

బ్రేకు వదులుచేసి, నడకకన్నా కాస్త ముందుగా, అలాగే ఆళ్లగడ్డ చేరాను. సైకిలు షాపాయన చక్రాన్ని తిప్పి చూశాడు. "ఈ కొలత పుల్ల మన దగ్గర లేదు సార్. పాల సైకిలుకైతే నలభై పుల్లలు, ఆ కొలతవి ఎన్నైనా ఇస్తా. ఉన్న వాటితోనే బెండు తీస్తా, ఒక గంట అట్లా తిరిగిరాండి."

తిరగడానికి ఆళ్లగడ్డలో శిల్పాల పని ఉంది. రోడ్డు పక్కనే పాకలు, వాటి ముందు తల మాత్రమే తేలిన ఆంజనేయులు, నడుము దాకా రాతిలోనే ఉన్న అమ్మవార్లు. ఇక్కడి రాతి చెక్కుడుకు జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కోత మిషన్ల రొదకు చెవులు మూసుకున్నాను. రాతి దుమ్ము కనుబొమల మీద తెల్లగా పేరుకున్న ఒక పెద్దాయన మాత్రం మూల కూర్చుని ఉలితోనే పని చేస్తున్నాడు. మిషను పెట్టుకోలేదేమని అడిగాను.

"మొద్దు పని మిషనే చేస్తాది. ముఖం కాడికొచ్చినాక ఉలే."

ముఖమే కొలబద్దట. ముఖం పొడుగు ఒక తాళం, తాళానికి పన్నెండు అంగుళాలు. నవతాళ విగ్రహం తొమ్మిది తాళాలు, 108 అంగుళాలు. విష్ణువుకైతే ఉత్తమ దశతాళం, 124. ఈ అంగుళం స్కేలు మీది అంగుళం కాదు, ఏ విగ్రహానికి దాని అంగుళం దానిదే. పది అడుగుల స్వామికీ జేబులో పట్టే స్వామికీ లెక్క ఒకటే.

నేను ఊరికే వింటున్నానని తోచిందో ఏమో, లేచి సుత్తి తీసుకుని ఒక రాతి మీద తట్టాడు.

"వింటాండారా? గుడిగంట మాదిరి మోగుతాంది. మగరాయి. సామికి ఇదే." ఇంకోదాన్ని తట్టాడు. "ఇది కంచుతాళం మాదిరి పలుకుతాది. ఆడరాయి. అమ్మవారికి, పీఠానికి." మూడోది తట్టితే చెక్కను కొట్టినట్టు ఠప్పుమంది. "ఇది పలకదు. ఇంత బాగుండాది చూసేదానికి, లోపల యాడనో పగులుంటాది. దీనికి మూడు నెలలు పోసినాక చెయ్యి ఇరిగితే ఎవరికి చెప్పుకుందును?"

నాకైతే మొదటి రెండింటికీ తేడా తెలియలేదు. తెలిసినట్టు తలూపాను. ఆయన నవ్వాడు.

సైకిలు షాపుకు తిరిగొచ్చేసరికి మావాళ్లు ఫోను చూసుకుని వెనక్కి వచ్చి, నిమ్మకాయ సోడాలు తాగుతూ బెంచీ మీద వరసగా కూర్చున్నారు. షాపాయన చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఒక్కో పుల్లనూ వేలితో మీటుతున్నాడు. టింగ్, టింగ్, డబ్. డబ్బన్నచోట పుల్లను కాస్త బిగించి, ఎదుటి పుల్ల వదులు చేసి, మళ్లీ మీటుతున్నాడు. విరిగినదానికి పక్కవి రెండూ సమంగా పలికేదాకా వదల్లేదు. ఈసారి తేడా నాకూ తెలిసింది. నలభై రూపాయలు తీసుకున్నాడు.

అహోబిలం అక్కడినుంచి పాతిక కిలోమీటర్ల పైమాటే. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కాశీకి పోతూ అహోబిలం చూసి, మహానంది మీదుగా శ్రీశైలం వెళ్లాడు. ఆయన పల్లకీలో, బోయీల భుజాల మీద. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి ఎనిమిది కిలోమీటర్ల ఎక్కుడులో నాకు పదేపదే ఆ బోయీలే గుర్తొచ్చారు. చెంచులక్ష్మిని పెళ్లాడిన ఇక్కడి స్వామి చెంచులకు అల్లుడు. అల్లుడింటికి దారి ఇంత నిట్టనిలువుగా ఉండాలా అని మాలో ఒకాయన విసుక్కున్నాడు. చివరి రెండు కిలోమీటర్లు సైకిళ్లను మేమే నడిపించాం. గుళ్లో విగ్రహం ముందు నిలబడి, దీన్ని తడితే ఎలా మోగేదో అనుకున్నాను. అర్చకుడు హారతి ఇచ్చి ముందుకు కదలమన్నాడు.

నా చక్రం ఇప్పటికీ 31 పుల్లలతోనే తిరుగుతోంది. అటు వెళ్లే సైకిలువాళ్లకు ఒక్క మాట: మీ చక్రం కొలతకు సరిపడే పుల్లలు రెండు సంచిలో వేసుకోండి. మిగతావన్నీ ఆళ్లగడ్డలో దొరుకుతాయి.