తెగే ముందు ఎంత సాగుతుంది?

తెగేదాకా లాగొద్దు అంటారు పెద్దవాళ్లు. స్టీల్ టెస్టింగ్ ల్యాబ్‌లో చేసే పనే అది! రాడ్డు ముక్కని మెషీన్‌లో బిగించి తెగేదాకా లాగుతారు. ఎంత లాగుడికి తట్టుకుందన్నది ఒక లెక్క. తెగే ముందు ఎంత సాగిందన్నది ఇంకో లెక్క. ఇల్లు కట్టుకునేవాళ్లలో చాలామంది ఈ రెండోది అడగనే అడగరు.

పోయినేడాది మా ఊళ్లో ఇల్లు మొదలుపెట్టాం. నాన్న రిటైర్మెంట్ డబ్బులు, నా పేరు మీద లోన్. నేను మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చిన బ్యాచ్. ఇనుము కొనే రోజున మేస్త్రీ గారు అన్నారు: "550 ఉండగా 500 డి ఎందుకు బాబూ? నంబర్ పెద్దదైతే బలం ఎక్కువే కదా!"

ఆయన అన్నదాంట్లో సగం నిజం. 500 అంటే చదరపు మిల్లీమీటరుకి 500 న్యూటన్లు. ఆ లెక్కన ఒక్క 12 ఎంఎం రాడ్డు దాదాపు 5.7 టన్నుల లాగుడిని తట్టుకుంటుంది. ఇంట్లో పిల్లర్‌కి అది తక్కువేం కాదు. మిగతా సగం ఆ 'డి'లో ఉంది. ఐఎస్ 1786 ప్రకారం మామూలు 550 రకం కనీసం 10 శాతం సాగితే చాలు. 500 డి అయితే 16 శాతం సాగాలి. 550లోనూ డి రకం ఉంది, దానికి 14.5 శాతం.

సాగితే ఏమొస్తుంది? టైమ్ వస్తుంది. కాంక్రీట్ నొక్కుడికి గట్టిదే కానీ లాగితే పుటుక్కున పగులుతుంది. లోపలి స్టీల్ సాగేదైతే స్లాబ్ ముందు వంగుతుంది, పగుళ్లు కనిపిస్తాయి, మనుషులు బయటికి పరిగెత్తే వీలుంటుంది. మా సర్వర్లదీ ఇదే కథ. నెమ్మదించి అలర్ట్ ఇచ్చేదాన్ని కాపాడుకోవచ్చు. చెప్పాపెట్టకుండా పడిపోయేదాన్ని ఏం చేస్తాం?

500 డి తెచ్చాం. తర్వాత గొడవ పిల్లర్ రింగుల దగ్గరొచ్చింది. కొనల్ని 90 డిగ్రీలకే వంచి వదిలేస్తున్నారు. అవి 135 డిగ్రీలు వంగి లోపలి కాంక్రీట్‌లోకి దిగాలి. లేదంటే గట్టిగా ఊగినప్పుడు పై కాంక్రీట్ రాలిపోయి రింగు విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు పక్కకి ఉబుకుతాయి.

"మనకి భూకంపాలెక్కడివి బాబూ?" అన్నారు మేస్త్రీ గారు.

2024 డిసెంబర్ 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చింది కదా, హైదరాబాద్‌లోనూ తెలిసింది. 2001లో భుజ్ దగ్గర భూమి కదిలితే, 200 కిలోమీటర్లకి పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. అదే చెప్పాను. ఆయన నాన్న వైపు చూశారు.

పనివాళ్లతో ఎప్పుడూ మాట పెంచుకోని నాన్న ఒకటే అన్నారు: "వీడు సిటీలో ఉంటాడు. దీని కింద పడుకునేది నేనూ, వాళ్లమ్మా. రెండ్రోజులు ఆలస్యమైనా పర్లేదు, ఆ కూలీ నేనిస్తా. వంచేయండి."

వంచారు.

టైల్స్ మార్చుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు. కాంక్రీట్ పడ్డాక లోపలి ఇనుముని మార్చలేం. మీ ఇంటి పిల్లర్లు లేస్తుంటే, పోతకి ముందురోజు ఓసారి వెళ్లండి. రాడ్డు మీద గ్రేడ్ చదవండి. రింగుల కొనలు ఎటు తిరిగాయో చూసి ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఆ తర్వాత చూద్దామన్నా కనిపించవు.